జంగు పట్టిన పాత కారును ఇంటి షెడ్డులో బాగు చేసుకోవచ్చా? రంగు కంటే ముందు చూడాల్సిన లెక్క

ఈ ఎపిసోడ్‌లో పాత కార్ల తుప్పు గురించి మాట్లాడుకుందాం. మన దిక్కు దాన్నే జంగు అంటరు. నేను రెండు మాటలూ వాడుత, ఏమనుకోకండి.

నాకు వచ్చే మెసేజ్‌లలో ఎక్కువగా కనిపించే ప్రశ్న ఒకటే. "అన్నా, మా నాన్న కారు ఇంటి వెనక పదిహేనేళ్లుగా నిలబడి ఉన్నది. పాత ఇనుప సామాన్లకు వేస్తే కొన్ని వేలు వస్తయి. బాగు చేయిస్తే ఎంతైతది? మేమే చేసుకోవచ్చా?" కరీంనగర్ నుంచి, జగిత్యాల నుంచి, మంచిర్యాల నుంచి, నిర్మల్ నుంచి అడుగుతనే ఉన్నరు. అడిగేవాళ్లలో చాలామంది విదేశాల వీడియోలు చూసినవాళ్లు. అక్కడ ఒకాయన తన గ్యారేజీలోకి కుళ్లిపోయిన స్పోర్ట్స్ కారు తెస్తడు, ఇరవై నిమిషాల వీడియోలో అది మెరుస్తూ బయటికి వస్తది. మధ్యలో పోయిన రెండేళ్లు మనకు కనపడవు.

నేను బీటెక్ చేసి, కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, తర్వాత ఈ వీడియోల దిక్కు వచ్చిన మనిషిని. కాబట్టి నా భాషలోనే చెప్త. కారుకు రంగు అంటే యూఐ. కింద ఉన్న రేకు, ఛాసిస్, బ్రేకు పైపులు అంటే బ్యాకెండ్. బ్యాకెండ్ కూలిపోయి ఉంటే స్క్రీన్ ఎంత అందంగా ఉన్నా లాభం లేదు. యాప్ కూలితే మళ్లీ స్టార్ట్ చేస్తం. కారు మాత్రం రాజీవ్ రహదారి మీద ఎనభై స్పీడులో, ఇంట్లోవాళ్లు లోపల కూర్చొని ఉన్నప్పుడు కూలొద్దు. ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క మాట మీదనే: ముందు కాగితం, తర్వాత కారు అడుగు భాగం, అన్నిటికంటే చివర రంగు. ఈ వరుస తప్పితే డబ్బులు పోతయి, కొన్నిసార్లు మనుషులు పోతరు.

మన దగ్గర ఉన్నవి ఏ కార్లు?

నిజం చెప్పాలంటే కరీంనగర్, ఆదిలాబాద్ ఇళ్ల వెనక పాత స్పోర్ట్స్ కార్లు దొరకవు. దొరికేవి ప్రీమియర్ పద్మిని, అంబాసిడర్, మారుతి 800, మహీంద్రా జీపు. మనం ఫియట్ అని పిలిచేది ముంబైలో ప్రీమియర్ వాళ్లు చేసిన బండి. 1964లో 1100 డిలైట్ పేరుతో వచ్చింది, 1970లలో పద్మిని అయింది. 1,089 సీసీ ఇంజన్, స్టీరింగ్ పక్కన గేరు. అంబాసిడర్ 1950ల చివర మొదలై 2014 దాకా నడిచింది.

స్పోర్ట్స్ కారుకు దగ్గరి చుట్టం ఒకటి మన దేశంలో తయారైంది, అది స్టాండర్డ్ హెరాల్డ్. ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ హెరాల్డ్ 1959లో వచ్చింది, దాన్నే మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి తయారు చేసింది. అదే హెరాల్డ్ ఛాసిస్‌ను కుదించి, మార్చి, ట్రయంఫ్ వాళ్లు 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తెచ్చిన్రు. రెండింటికీ డిజైన్ గీసింది ఇటలీకి చెందిన జొవాన్నీ మికెలోట్టి. అంటే ఎక్కడన్నా పాత హెరాల్డ్ కనిపిస్తే, దాన్ని మామూలు డబ్బా కారు అనుకోకండి.

ఈ కథ ఎందుకు చెప్తున్న అంటే, తుప్పు లెక్క కారు కట్టిన తీరును బట్టి మారుతది. హెరాల్డ్‌కు, జీపుకు కింద వేరే ఛాసిస్ ఉంటది. ఎడ్లబండి లెక్క అనుకోండి, కింద ఇరుసు, కాడి గట్టిగా ఉంటే పైన తొట్టి మార్చుకోవచ్చు. పద్మినికి, అంబాసిడర్‌కు, మారుతి 800కు వేరే ఛాసిస్ లేదు. రేకు డబ్బానే ఛాసిస్. దాన్ని మోనోకాక్ అంటరు. నేల రేకు, తలుపుల కింద ఉండే పెట్టె లాంటి పట్టీ, స్తంభాలు అన్నీ కలిసి బరువు మోస్తయి. జీపు తొట్టికి రంధ్రం పడితే అది రేకు సమస్య. పద్మిని తలుపు కింద పట్టీ కుళ్లితే అది వెన్నెముక సమస్య.

జంగు అంటే అసలు ఏం జరుగుతది?

ఇనుము గురించి మన నేలకు కొత్తగా చెప్పాల్సింది లేదు. పాత కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్, వరంగల్ జిల్లాలలో ఊరూరా ఇనుము కరిగించిన చిట్టెం కుప్పలు కనిపిస్తయి. 2010లో బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీ కలిసి ఈ ప్రాంతంలో తిరిగి ఆ జాడలను నమోదు చేసినయి. నిజామాబాద్ దిక్కున ఉన్న కోనసముద్రం ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా పోయింది.

ఆ కొలిమిలో మనిషి చేసిన పనిని జంగు వెనక్కి తిప్పుతది. ఖనిజం అంటే ఇనుము, ఆక్సిజన్ కలిసి ఉన్న మట్టి. కొలిమి ఆక్సిజన్‌ను విడదీసి ఇనుమును బయటికి తీసింది. నీళ్లు, గాలి తగిలినప్పుడు ఇనుము మళ్లీ ఆక్సిజన్‌తో కలిసి మట్టి అయిపోతది. ఉప్పు ఉంటే ఈ పని ఇంకా తొందరగా అయితది, ఎందుకంటే ఉప్పు నీళ్లలో కరెంటు బాగా పారుతది. జంగు అసలు ఒక చిన్న బ్యాటరీ. రేకులో ఒక చోట ఇనుము కరుగుతది, పక్క చోట ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లను తీసుకుంటది.

ఇంకో విషయం గుర్తు పెట్టుకోండి. అల్యూమినియం మీద పట్టే పొర దాన్ని కాపాడుతది. జంగు కాపాడదు. అది గుల్లగా ఉంటది, నీళ్లను స్పాంజి లెక్క పట్టుకుంటది. పైగా, తిన్న ఇనుము కంటే జంగు ఎక్కువ చోటు తీసుకుంటది, రెండు రెట్ల నుంచి ఆరు రెట్ల దాకా. అందుకే రెండు రేకులు కలిసిన అతుకులో జంగు పడితే ఆ అతుకు ఉబ్బి విడిపోతది. అందుకే జంగు మీద రంగు వేస్తే పని ఆగదు, కనపడకుండా సాగుతది. అంతే తేడా.

మన వాతావరణం మంచిదా, చెడ్డదా?

సముద్రం పక్కన ఉండే విశాఖపట్నం, ముంబైలతో పోలిస్తే మనది అదృష్టం. గాలిలో ఉప్పు లేదు, ఎండాకాలం పొడి. కానీ మన బండ్లు నడిచి చెడిపోవడం కంటే నిలబడి చెడిపోవడమే ఎక్కువ. చింతచెట్టు కింద పెడతం, ఆకులు బానెట్ సందులలో పడి కుళ్లుతయి. తాటిపత్రి కప్పి తాడు కడతం, కింద నేల తేమ పైకి లేచి కవరు లోపలనే చుక్కలు కడతది. కవరు వాన నుంచి కాపాడుతది కానీ ఆవిరిని బంధిస్తది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ దిక్కు చలికాలంలో రాత్రి బాగా చల్లబడి, పొద్దున రేకు మీద మంచు నీళ్లు కారుతయి. చక్రాల పైన ఉండే గూటిలో మట్టి గట్టిపడి ఉంటది, ఆ మట్టి వానాకాలం మొత్తం తడిగనే ఉంటది.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. మన దిక్కు నుంచి ముంబై, భివండి పోయి బతికినవాళ్లు చాలా మంది ఉన్నరు. అక్కడ పద్మిని తక్కువకు దొరుకుతది, తీసుకొద్దామనిపిస్తది. అది సముద్రపు గాలిలో బతికిన బండి. పైకి బాగానే కనిపిస్తది, అడుగు మాత్రం వేరే కథ చెప్తది. అక్కడికి పోయి, కింద పడుకొని చూడకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. వేరే రాష్ట్రం బండికి అక్కడి ఆర్టీఓ ఎన్‌ఓసీ కూడా కావాలి.

మొదటి మెట్టు: కాగితం

పానా పట్టకముందు ఆర్సీ పట్టుకోండి. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు ఉంటది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. దానికి బండి ఫిట్‌గా ఉందని ఇన్‌స్పెక్టర్ చూసి ఒప్పుకోవాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆ ఫీజులు బాగా పెరిగినయి. పాతబడే కొద్దీ ఎక్కువే అనుకొని, ఇప్పటి ఫీజు ఎంతో, ఆలస్యానికి ఎంత పడుతదో పోర్టల్‌లో చూసి లెక్కలో రాసుకోండి.

"అన్నా, మాది వింటేజ్ కారు కదా" అని కొందరంటరు. చట్టంలో వింటేజ్ అంటే ఒక అర్థం ఉంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన రూల్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన, వ్యాపారానికి వాడని బండ్లే వింటేజ్. ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండొద్దు. కొత్తగా వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకుంటే ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతది, తర్వాత రెన్యువల్‌కు 5,000. నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తయి. పాత నంబరు ఉన్న బండి ఆ నంబరు ఉంచుకోవచ్చు. కానీ ఆ బండిని రోజూ తిరగడానికి వాడొద్దు. ప్రదర్శన, ర్యాలీ, పరిశోధన, పెట్రోలు, రిపేరు, ఇంతవరకే రోడ్డెక్కాలి.

మా షెడ్డులో ఉన్నది 1983 మోడల్ పద్మిని, మా పెద్దనాయన కారు. అది 2033 దాకా వింటేజ్ కాదు, మామూలు పాత కారు. దానికి మామూలు రెన్యువలే దారి. ఇంకోటి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మన ఇష్టం వచ్చినట్టు మార్చొద్దు. పద్మినిలో పెద్ద ఇంజన్ ఎక్కిస్త, టాప్ కోసి స్పోర్ట్స్ కారు చేస్త అనుకునేవాళ్లు ఇది ముందే చదువుకోండి. మోనోకాక్ కారుకు టాప్ కోస్తే చట్టం సంగతి తర్వాత, ముందు కారే మధ్యలో వంగుతది.

ఆర్సీ పోయి, ఓనరు ఎవరో తెలియక, ఛాసిస్ నంబరు తుప్పులో కలిసిపోయిన బండి అయితే నా మాట వినండి, దాని మీద పెద్ద డబ్బులు పెట్టకండి. అది ఇంట్లో బొమ్మ అయితది కానీ రోడ్డెక్కే బండి కాదు.

రెండో మెట్టు: అడుగు

దీనికి కావాల్సినవి ఒక టార్చిలైటు, పాత స్క్రూడ్రైవరు, చిన్న సుత్తె, గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం. కారును జాకీ మీద మాత్రమే లేపి కిందికి దూరకండి. స్టాండులు పెట్టాలి, లేదంటే గట్టి మొద్దులు. ఇటుకలు వద్దు, సిమెంటు ఇటుకలు అసలే వద్దు, అవి చెప్పకుండా పగులుతయి.

ఈ చోట్లు చూడండి: డ్రైవరు కాళ్ల కింద నేల, తలుపుల కింద పట్టీలు, జాకీ పెట్టే చోట్లు, సస్పెన్షన్ బిగించిన చోట్లు, డిక్కీలో స్టెప్నీ గుంత, బ్యాటరీ తట్ట, అద్దం రబ్బరు అంచులు, తలుపుల అడుగు అంచు. తలుపుల కింద నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలు ఉంటయి, అవి మట్టితో మూసుకుపోతే తలుపు లోపలి నుంచి కుళ్లుతది.

సుత్తెతో మెల్లగా కొట్టండి. గట్టి రేకు గణగణమంటది, కుళ్లినది బుస్సుమంటది. స్క్రూడ్రైవరు మొనతో నొక్కితే దిగబడితే అక్కడ రేకు లేదు, రంగు మాత్రమే ఉంది. అయస్కాంతం అతకకపోతే అక్కడ లప్పం మందంగా పూసి ఉన్నట్టు లెక్క. లప్పం తప్పు వస్తువు కాదు, పలుచగా రేకు సదును చేయడానికి అది కావాలి. రంధ్రం మూయడానికి వాడితేనే తప్పు.

మోనోకాక్ కారుకు ఇంకో పరీక్ష. తలుపు మూసి దాని చుట్టూ సందు చూడండి. తర్వాత జాకీ పెట్టే చోట కొద్దిగా లేపండి. సందు మారిపోయినా, తలుపు పట్టేసినా, డబ్బా వంగుతున్నట్టే. ఆ కారు మనలాంటి వాళ్లం ఇంట్లో చేసుకునే కారు కాదు, జిగ్గులు పెట్టి కొలతలు తీసే మంచి బాడీ షాపు పని.

చూసిన తర్వాత తుప్పును మూడు రకాలుగా రాసుకోండి. మొదటిది పైపై జంగు, గీకితే కింద మెరిసే ఇనుము వస్తది. రెండోది గుంతలు పడ్డది, రేకు పలుచబడింది కానీ రంధ్రం లేదు. మూడోది రంధ్రం. మొదటిది మనం చేసుకోవచ్చు. రెండోది చోటును బట్టి. మూడోది కోసి కొత్త రేకు అతకాల్సిందే, వేరే మందు లేదు.

విప్పడం

సాఫ్ట్‌వేర్‌లో కోడ్ ముట్టుకునే ముందు బ్యాకప్ తీసుకుంటం కదా, ఇక్కడ బ్యాకప్ అంటే ఫోటోలు. ప్రతి వైరు, ప్రతి పైపు, ప్రతి వాషరు విప్పే ముందు ఒక ఫోటో. బోల్టులను ఒక్కో భాగానికి ఒక్కో కవరులో వేసి పేరు రాయండి. ఆరు నెలల తర్వాత మీ జ్ఞాపకం మీకు సాయం చేయదు, ఆ కవరు చేస్తది.

మొట్టమొదట బ్యాటరీ తీయండి. తర్వాత పెట్రోలు ట్యాంకు దించి ఇంటికి దూరంగా పెట్టండి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. పెట్రోలు నిండా ఉన్న ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే లోపల ఆవిరి, గాలి కలిసి ఉంటయి. నిప్పురవ్వ తగిలితే బాంబే. ఏళ్లుగా ఎండిన ట్యాంకులో కూడా ఆ ఆవిరి ఉండొచ్చు. ట్యాంకుకు ఇంట్లో వెల్డింగ్ చేయకండి. నీళ్లు పోసి కడిగినం కదా అని కూడా చేయకండి. అది తెలిసిన రేడియేటర్, ట్యాంకు పనివాళ్లకు ఇవ్వండి.

జంగు తీయడం

ఇంట్లో చేసుకోగలిగినవి నాలుగు దారులు.

ఒకటి, గీకడం. వైరు బ్రష్, ఇసుక కాగితం, గ్రైండరు. పెద్ద రేకులకు ఇదే. కళ్లద్దాలు, మంచి మాస్కు తప్పనిసరి. పాత రంగులలో సీసం ఉండొచ్చు, పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. బ్రేకు డ్రమ్ములోని దుమ్మును గాలితో ఊదకండి, తడి గుడ్డతో తుడవండి. పిల్లలు ఆడే చోట ఈ పని చేయకండి.

రెండు, నిమ్మ ఉప్పు. చింతపండుతో ఇత్తడి చెంబు తోమితే మెరుస్తది కదా, అదే సూత్రం, ఆమ్లం ఆక్సైడును కరిగిస్తది. లీటరు నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు, అందులో బ్రాకెట్లు, బోల్టులు, కీళ్లు కొన్ని గంటల నుంచి ఒక రోజు దాకా నానబెట్టండి. తీసిన వెంటనే కడిగి, తినే సోడా నీళ్లలో ముంచి, ఆరబెట్టి, అప్పుడే ప్రైమరో నూనెనో పెట్టాలి. గంట వదిలేస్తే మళ్లీ ఎర్రబడుతది. స్ప్రింగులు, గట్టి ఉక్కు బోల్టులను ఆమ్లంలో వేయకండి, హైడ్రోజన్ లోపలికి పోయి పెళుసుగా అయితయి. విదేశీ వీడియోలలో మొలాసిస్‌లో నానబెట్టడం చూసి ఉంటరు. పని చేస్తది, కానీ వారాలు పడుతది. పైగా మన దగ్గర నల్లబెల్లం డబ్బాల కొద్దీ ఇంటికి తెస్తే గుడుంబా కోసమా అని ఎక్సైజ్ వాళ్లు అడుగుతరు. నిమ్మ ఉప్పు కిరాణా షాపులోనే దొరుకుతది, గొడవ లేదు.

మూడు, కరెంటుతో. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు, కొద్దిగా చాకలి సోడా. బ్యాటరీ ఛార్జరు నెగటివ్ మన వస్తువుకు, పాజిటివ్ ఒక పాత ఇనుప ముక్కకు. జంగు వదిలిపోతది, మంచి ఇనుము చెక్కుచెదరదు. రెండు జాగ్రత్తలు: పాజిటివ్‌కు స్టీలు గిన్నె ముక్క పెట్టకండి, అందులోని క్రోమియం విషంగా మారి నీళ్లలో కలుస్తది. ఉప్పు అసలే వేయకండి, క్లోరిన్ వస్తది. హైడ్రోజన్ వాయువు లేస్తది కాబట్టి బయట, గాలి ఆడే చోటనే చేయాలి.

నాలుగు, ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసిన రస్ట్ కన్వర్టర్. గీకిన తర్వాత గుంతలలో మిగిలిన జంగును అది నల్లటి గట్టి పొరగా మారుస్తది. ఊడిపోయే పెచ్చుల మీద పూస్తే మాత్రం పెచ్చుతో సహా ఊడిపోతది.

కోయడం, అతకడం

కారు రేకు మందం సుమారు ఒక మిల్లీమీటరు. గేట్లు, గ్రిల్స్ చేసే మామూలు ఆర్క్ వెల్డింగ్ దీనికి పనికిరాదు, రంధ్రం మూయబోతే ఇంకో రంధ్రం పడుతది. మిగ్ వెల్డింగ్ కావాలి, లేదంటే గ్యాసు వెల్డింగ్ మీద చేయి తిరిగిన పాత టింకరింగ్ మేస్త్రి కావాలి. మన కరీంనగర్‌లో, మంచిర్యాలలో అట్లాంటి మేస్త్రీలు ఇంకా ఉన్నరు. బంపరు విరిగితే కొత్తది మార్చే కాలంలో వాళ్లకు ఈ పని తగ్గిపోయింది. పాత పద్మిని తెచ్చినం అంటే కళ్లలో వెలుగు వస్తది. బేరం ఆడండి కానీ తొందర పెట్టకండి.

ఎవరు చేసినా మీరు చూడాల్సినవి ఇవి. కుళ్లిన రేకును గట్టి ఇనుము వచ్చేదాకా కోయాలి, పాత దాని మీదనే కొత్త రేకు కప్పి మూయొద్దు. తలుపుల కింద పట్టీ కోసే ముందు తలుపు ఖాళీలో అడ్డంగా పైపు అతికి డబ్బాను బిగించాలి. రెండు పక్కలా ఒకేసారి కోయొద్దు. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క. వెల్డింగ్ ఒకే గీతగా లాగొద్దు, చుక్కలు చుక్కలుగా దూరం దూరంగా పెట్టి, చల్లారనిచ్చి, మధ్యలు నింపాలి. లేదంటే వేడికి రేకు అప్పడం లెక్క మెలి తిరుగుతది. వెల్డింగ్ చేసే చోట క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనరు స్ప్రే వాడకండి, ఆ వేడికి విషవాయువు పుడుతది.

నేను గీకుడు, విప్పుడు, శుభ్రం చేసుడు, ప్రైమరు వేసుడు నా చేతులతో చేసుకుంటున్న. పట్టీల వెల్డింగ్, బ్రేకులు మాత్రం తెలిసిన మేస్త్రికి ఇచ్చిన. ఆ రెండూ ప్రాణాలకు సంబంధించినవి. యూట్యూబ్ చూసి ప్రాక్టీసు చేసే చోటు అది కాదు. పద్మినికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ఏళ్లుగా నిలబడిన కారులో బ్రేకు ఆయిల్ తేమ పీల్చి ఉంటది, ఇనుప పైపులు లోపలి నుంచి జంగు పట్టి ఉంటయి. పైకి బాగున్నా పైపులు, రబ్బరు హోసులు, వీల్ సిలిండర్లు మార్చాల్సిందే.

రంగు, అన్నిటికంటే చివర

బట్టబయలు ఇనుము మీద ముందు ఎపాక్సీ ప్రైమరు. తర్వాత అతుకుల మీద సీలరు, అవసరమైన చోట పలుచగా లప్పం, మళ్లీ ప్రైమరు, ఆ తర్వాత రంగు. అది ఆరిన తర్వాత పట్టీల లోపల, తలుపుల లోపల మైనం లాంటి కావిటీ వ్యాక్స్ కొట్టాలి. జంగు లోపలి నుంచే మొదలైతది కాబట్టి మెరిసే రంగు కంటే కనపడని ఈ మైనమే ఎక్కువ ఏళ్లు కాపాడుతది. నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం మూయకండి.

రంగుకు కాలం చూసుకోండి. మే నెలలో మన దగ్గర 45 డిగ్రీలు దాటే రోజులుంటయి, రంగు రేకు మీద సదును కాకముందే ఆరిపోయి కమలాపండు తొక్క లెక్క గరుకుగా అయితది. వానాకాలంలో తేమకు తెల్లగా మసకబారుతది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఎండ వచ్చినంక, పగటి పూట మంచిది. టూ-కే రంగులలో ఐసోసైనేట్లు ఉంటయి, అవి ఊపిరితిత్తులకు చాలా చెడ్డవి, మామూలు మాస్కు ఆపదు. ఆ స్ప్రే పని బూత్ ఉన్న పెయింటర్‌కే ఇవ్వండి.

మరి చేయాలా, వద్దా?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. నా లెక్క ఇట్ల ఉంటది. కాగితాలు సరిగ్గా ఉన్నయి, తలుపు సందు పరీక్ష పాసయింది, తుప్పు ఎక్కువ భాగం మొదటి రకం: మొదలు పెట్టండి. కాగితాలు ఉన్నయి, పట్టీలు, నేల పోయినయి: ముందు టింకరింగ్ మేస్త్రిని ఇంటికి పిలిచి, కింద చూపించి, అంచనా రాయించుకోండి. దానికి ఇంకో సగం కలుపుకోండి, ఎందుకంటే విప్పితే కానీ కనపడని తుప్పు ఎప్పుడూ ఉంటది. ఆ మొత్తం మీ ఇంటి ఖర్చులను ముట్టకుండా, అప్పు లేకుండా పెట్టగలిగితేనే ముందుకు పోండి. ఆ కారు అమ్మితే ఆ డబ్బులు తిరిగి రావు, ఇది ముందే ఒప్పుకోవాలి. కాగితాలు లేవు, డబ్బా కూడా వంగింది: ఫోటోలు తీసుకోండి, స్టీరింగ్ వీలో, ముందు జాలీనో జ్ఞాపకంగా ఉంచుకొని మిగతాది వదిలేయండి. రిజిస్ట్రేషన్ ఉన్న బండిని వదిలేసేటప్పుడు గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికే ఇచ్చి సర్టిఫికెట్ తీసుకోండి, లేకపోతే ఆ నంబరు మీ పేరు మీదనే తిరుగుతది.

వదిలేయడం అంటే నాన్నను మరిచిపోవడం కాదండి. ఆయన ఆ బండిలో మనల్ని జాగ్రత్తగా తిప్పిండు. అదే జాగ్రత్త లేకుండా, పైన రంగు పూసి, కింద కుళ్లిన నేల మీద మన పిల్లలను కూర్చోబెడితే ఆయనకు నచ్చదు.

అందరూ ఒక పని చేయండి. ఈ ఆదివారం ఆ తాటిపత్రి తీసి, ఆకులు ఊడ్చి, తలుపుల కింద రంధ్రాలు ఒక పుల్లతో శుభ్రం చేయండి, బండిని గాలి ఆడే చోటికి నెట్టండి. దీనికి రూపాయి ఖర్చు లేదు. చేయాలా వద్దా అని మీరు తేల్చుకునేదాకా జంగు నెమ్మదిస్తది.

వచ్చే ఎపిసోడ్‌లో డ్రమ్ము బ్రేకులను విప్పి, ఒక్కో భాగం ఎట్ల పని చేస్తదో చూద్దాం. అప్పటిదాకా జాకీ మీద నమ్మకం పెట్టుకొని కారు కిందికి దూరకండి. ఉంటా మరి, నమస్తే.